క్షేమ సమాచారం

షికాగో నడిబొడ్డున ఆకాశహర్మ్యాల కింద చలికాలంలో నడుస్తుంటే కాలిబాట మీద అక్కడక్కడా ఒక మడత బోర్డు ఎదురవుతుంది. పైనుంచి మంచుగడ్డలు పడతాయి, జాగ్రత్త అని దాని మీద రాసి ఉంటుంది. ఆ జాగ్రత్త ఎలా పడాలో మాత్రం రాయరు. తలెత్తి పైకి చూస్తూ నడిస్తే కాళ్లకింద నున్నగా బిగుసుకుపోయిన మంచు మీద జారి నడుం విరగ్గొట్టుకుంటాం. కిందికి చూస్తూ నడిస్తే నలభయ్యో అంతస్తు నుంచి ఏది ఎప్పుడు ఊడిపడుతుందో తెలియదు. ఆ ఊళ్లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అందరూ చేసే పని ఒక్కటే. మెడ కోటులోకి లాక్కుని, దేవుడి మీద భారం వేసి, గబగబా దాటిపోవడం.

అయినా ఒక విషయంలో ఆ ఊరిని మెచ్చుకోవాలి. అక్కడ ప్రమాదాన్ని చెప్పాపెట్టకుండా రానివ్వరు. ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున పదింటికి ఊరంతా సైరన్లు మోగుతాయి. సుడిగాలి వచ్చినప్పుడు మోగాల్సిన సైరన్లవి, పనిచేస్తున్నాయో లేదో అలా చూసుకుంటారు. కొత్తగా దిగినవాళ్లు యుద్ధమేదో వచ్చిపడిందని హడలిపోతారు. పాతకాపులు కాఫీ కలుపుకుంటూ, ఓహో, అప్పుడే కొత్త నెల వచ్చేసిందా అనుకుంటారు. ఇంట్లో పొగ వస్తే అరవడానికి ఒక పెట్టె ఉంటుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరితే అరవడానికి ఇంకో పెట్టె. ఇంటి వెచ్చదనం యజమాని చేతిలో ఉండే అద్దె ఇళ్లలో సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా పగలు 68, రాత్రి 66 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గనివ్వకూడదని చట్టం. రైలు ప్లాట్‌ఫారాల మీద బొత్తాం నొక్కితే నెత్తిన ఎర్రగా కాగే దీపాలుంటాయి. మంచు తవ్వి కారు పెట్టుకున్న చోటు పోకుండా విరిగిన కుర్చీ ఒకటి అడ్డంపెట్టి పోతారు, దానికి మాత్రం ఏ చట్టమూ లేదు. అయినా ఆ కుర్చీ జరపడానికి ఎంత మొనగాడికైనా గుండె చాలదు.

మా మాస్టారికి ఆ ఊరు నచ్చింది ఇందుకే. కుర్చీ సంగతి కాదు, సైరన్ల సంగతి.

మాస్టారు అవనిగడ్డ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. భారమితిలో పాదరసం ఎందుకు దిగుతుందో నాకు చెప్పింది ఆయనే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడేనాటికి ఆయన నాగాయలంక దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. దాదాపు పదివేల మంది పోయారని సర్కారు లెక్క. కాదు, ఇంకా ఎక్కువని సీమలో అందరూ అంటారు. సొర్లగొంది వైపు శవాలు మోసిన చేతులవి. గాలీ పీడనమూ పాఠం వచ్చినప్పుడల్లా ఆయన సుద్దముక్క కిందపెట్టి, "ఒక్క సైరన్ ఉండుంటేనా..." అని ఆగిపోయేవారు. మిగతాది చెప్పేవారు కాదు. మేమూ అడిగేవాళ్లం కాదు.

అలాంటి మనిషి అమెరికా వెళ్లింది సరదా పడి కాదు. అమ్మగారు పోయారు. ఏడాది తిరిగాక కొడుకు వచ్చి పట్టుబట్టాడు. "ఒక్కడివే ఆ ఇంట్లో ఎలా ఉంటావు నాన్నా? రాత్రిపూట ఏమైనా అయితే ఎవరు చూస్తారు? పలకరించే దిక్కుండొద్దూ?" అన్నాడు. నిజానికి ఊళ్లో మాస్టారికి పలకరింపులకు కరువేం లేదు. పొద్దున్నే కరకట్ట మీద నడక, లైబ్రరీలో రెండు పేపర్లు, బస్టాండు దగ్గర టీ, సాయంత్రం లక్ష్మీనారాయణస్వామి గుడి. ఇంటి నుంచి గుడికి వెళ్లేలోపు పదిమంది పాత శిష్యులు నమస్కారం పెడతారు. వాళ్లలో సగం మంది ఆయన ఒకప్పుడు గోడకుర్చీ వేయించినవాళ్లే. కానీ కన్నకొడుకు కళ్లనీళ్లు పెట్టుకుని అడిగితే కాదనలేకపోయారు. దసరా వెళ్లాక విమానం ఎక్కారు.

కొడుకు చెడ్డవాడని నేననడం లేదు. ఇంకో మాట చెప్పాలంటే, తండ్రి కోసం అంత శ్రద్ధ పడ్డ కొడుకుని నేను చూడలేదు. వచ్చేసరికే మోకాళ్ల దాకా కోటు, రెండు పొరల చేతితొడుగులు, చెవులు మూసే టోపీ, మంచులో జారని బూట్లు తెచ్చిపెట్టాడు. ప్రయాణాల బీమా కట్టాడు. మొదటి ఆదివారం ఊరు చూపించడానికి తీసుకెళ్లి, మంచు పడ్డాక ఎలా నడవాలో కాలిబాట మీద నడిపించి మరీ నేర్పాడు. అడుగులు పొట్టిగా వెయ్యాలి, పాదాలు కాస్త బయటికి తిప్పాలి, చేతులు జేబుల్లో పెట్టకూడదు, అచ్చం పెంగ్విన్ నడిచినట్టు. మాస్టారు జీవితంలో మొదటిసారి ఒకరి దగ్గర నడక నేర్చుకున్నానని నవ్వుతూ చెప్పారు. బ్లాక్ ఐస్ అంటే ఏమిటో కూడా చెప్పాడట. తారురోడ్డు మీద పలచగా పేరుకునే మంచు, కింద తారు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తడి అనుకుని కాలు వేస్తాం. "కనిపించే మంచుతో భయం లేదు నాన్నా, కనిపించనిదే పడేస్తుంది" అన్నాడు. మంచి మాటే.

వాళ్లుండేది ఊరికి ఉత్తరాన, మన కూరగాయలూ కరివేపాకూ దొరికే డెవాన్ వీధికి దగ్గర్లో. ఎర్ర ఇటుకల మూడంతస్తుల పాత భవనం. అంతస్తుకు రెండు వాటాలు, ఎదురెదురు తలుపులు. ముందువైపు మెట్లు, వెనకవైపు చెక్కమెట్లు. ఆ వెనక మెట్లు దిగితే సందు, సందులో కార్లు. షికాగోలో ఇలాంటి భవనాలు కోకొల్లలు. ఇంట్లోవాళ్లంతా వెనకదారినే వస్తూపోతూ ఉంటారు, ముందు తలుపుకు పెద్దగా పనుండదు. కోడలు ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ముగ్గురికీ డబ్బాల్లో అన్నం సర్ది చీకటితోనే వెనక మెట్లు దిగిపోతుంది, ఏ ఎనిమిదింటికో వస్తుంది. అబ్బాయిది కంప్యూటర్ ఉద్యోగం. ఎనిమిదింటికల్లా పనిలో కూర్చుంటాడు. సాయంత్రం ఏడింటికి ఆ పని అయిందనుకునేసరికి ఇక్కడ మన ఇండియాలో తెల్లవారుతుంది కదా, ఇక్కడి టీం నుంచి మళ్లీ ఫోన్లు.

కాబట్టి జాగ్రత్తలన్నీ మెసేజ్‌లలోనే వచ్చేవి. పొద్దున్నే, "నాన్నా, ఇవాళ గాలి ఎక్కువ, బయటికి వెళ్లకు." పదింటికి, "బీపీ మాత్ర వేసుకున్నావా?" మధ్యాహ్నం, "వాన పడి గడ్డ కడుతోంది, మెట్ల కమ్మీ వదలకు." మూడింటికి, "ఇంకో గంటలో చీకటి పడుతుంది, లైట్లు వేసుకో." డిసెంబరులో అక్కడ నాలుగూ ఇరవైకి సూర్యుడు దిగిపోతాడు. టీ తాగే వేళకు పూర్తిగా చీకటి. మాస్టారికి మొదట్లో అదే అన్నిటికంటే బరువనిపించిందట, చలికంటే కూడా. ఎవరు తలుపు తట్టినా తియ్యొద్దనీ, ఎవరి తలుపూ తట్టొద్దనీ మరో మెసేజ్. "ఇక్కడ చెప్పకుండా ఒకరింటికి వెళ్తే బాగోదు నాన్నా, పోలీసుల్ని పిలుస్తారు."

మాస్టారు శిష్యులకు ఎంత కఠినమో కొడుక్కి అంత విధేయుడు. అన్నీ పాటించారు. ఒక్క పోపు విషయంలోనే పట్టుబడ్డారు.

డబ్బాలో చప్పటి పప్పు తినలేక ఓ రోజు గరిటెలో నూనె కాచి, ఆవాలూ ఎండుమిరపకాయలూ వేశారు. మనిల్లయితే పక్కింటివాళ్లు తుమ్మి ఊరుకునేవారు. అక్కడ ఇంటి కప్పుకు ఉన్న పొగ పెట్టె ఒక్కసారిగా కెవ్వుమంది. సైరన్ మోగితే మాస్టారికి ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. ఏం చెయ్యాలో తోచక గరిటె పట్టుకుని నిలబడ్డారు. అర నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. అబ్బాయి మెసేజ్. "పొయ్యి మీద ఫ్యాన్ వెయ్యి నాన్నా."

"ఇంట్లో పెట్టె మోగితే వాడికి తెలిసిపోతుంది" అన్నారు మాస్టారు, తర్వాత ఈ సంగతి మాకు చెబుతూ. వింటున్న మేమంతా ఆ దేశపు సాంకేతికతకు ముక్కున వేలేసుకున్నాం.

ఫ్యాన్ వేసినా పెట్టె ఊరుకోలేదు. ఈలోగా ముందు తలుపు దబదబా చప్పుడు. నిప్పంటుకుందేమోనని భయపడుతున్న మనిషి ఎవరు తట్టారో చూసుకుంటాడా, తీసేశారు. ఎదురు వాటా ముసలావిడ. చేతిలో తువ్వాలు. మాటామంతీ లేకుండా లోపలికొచ్చి, పెట్టె కింద నిలబడి తువ్వాలు గిరగిరా విసిరింది. పెట్టె నోరు మూసింది. ఆవిడ రెండుసార్లు తుమ్మి, ఆ వాసన ఏమిటని అడిగి, ఇంత పప్పు గిన్నెలో పెట్టించుకుని మరీ వెళ్లింది. పోలండ్ నుంచి ఎప్పుడో పెళ్లయిన కొత్తలో వచ్చిన మనిషి. ఎనభై దాటాయి. భర్త పోయాడు. ఒక కొడుకు. షికాగోలో పోలండ్ వాళ్లు మన హైదరాబాదులో కృష్ణా జిల్లావాళ్లంత మంది ఉంటారు, కానీ ఆ భవనంలో ఆవిడొక్కతే మిగిలింది.

ఆ తర్వాత రోజూ పదకొండింటికి మెట్ల కింద ఉత్తరాల పెట్టెల దగ్గర కలిసేవారు. బయటికి వెళ్లొద్దన్నాడు కానీ మెట్లు దిగొద్దనలేదు కదా అని మాస్టారి లౌక్యం. ఆయనకు ఉత్తరాలేం రావు, ఆవిడకు వచ్చేవన్నీ మందుల బిల్లులూ కిరాణా కూపన్లూ. మెట్టు మీద ఒకరు, రేడియేటర్ పక్కన ఒకరు కూర్చుని అరగంట మాట్లాడుకునేవారు. ఆయన ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. ఆవిడది పోలిష్ యాస. ఇద్దరూ నిదానంగా మాట్లాడతారు కాబట్టి బాగా అర్థమయ్యేదట. మైనస్ నలభై దగ్గర ఫారన్‌హీటూ సెల్సియసూ ఒకటే అవుతాయని మాస్టారు చెబితే, అంత చలి వస్తే ఏ లెక్కయితేనేం అని ఆవిడ నవ్వింది. 2019 జనవరి 30న మైనస్ ఇరవై మూడు ఫారన్‌హీట్ చూశానంది. ఆ రోజు ఉత్తరాలు పంచడం కూడా ఆపేశారట. వేడినీళ్లు గాల్లోకి విసిరితే మంచు పొడిగా మారుతుందని సరదా పడి, మీద పోసుకుని ఆస్పత్రిలో చేరినవాళ్లు కూడా ఉన్నారట ఆ వారంలో. మనవాళ్లే అనుకున్నాను, పిచ్చి ఎక్కడైనా ఒకటే.

"ఇంత చలిలో ఎంతమంది పోతారో కదా" అన్నారట మాస్టారు ఒకరోజు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఈ ఊళ్లో చలికి కాదు, ఎండకు పోయారు" అంది.

1995 జులై. మిడ్‌వే విమానాశ్రయం దగ్గర 106 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. మాస్టారు మనసులో సెల్సియస్‌లోకి మార్చుకుని, నలభై ఒకటే కదా, మా రెంటచింతలలో ఆ ఎండకు గొడుగు కూడా తియ్యరు అనుకున్నారు. కానీ ఆ ఇటుకల ఇళ్లు చలికి కట్టినవి. పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా లోపలికే వదులుతాయి. దొంగల భయానికి కిటికీలకు మేకులు కొట్టుకున్న పేటలున్నాయి. ఆ వారం రోజుల్లో, మామూలుగా పోయేవాళ్లు కాక, 739 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. శవాగారం చాలక శీతల లారీలు తెచ్చి నిలబెట్టారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, అందులోనూ ఒక్కళ్లే ఉండేవాళ్లు. నా అన్నవాళ్లు ఎవరూ రాని కొందరిని ఊరి బయట శ్మశానంలో ఒకే పొడవాటి గోతిలో పూడ్చారు.

"మా పై వాటాలో ఒకాయన ఉండేవాడు" అందట ఆవిడ. "పదేళ్లు గుడ్ మార్నింగ్ చెప్పుకున్నాం. ఆ వారం నాలుగు రోజులు చెప్పలేదు. ఎండ కదా, లోపల పడుకున్నాడేమో అనుకున్నాను. తలుపు బద్దలు కొట్టాక, పేరేమిటని పోలీసులు నన్నడిగితే తెలియదన్నాను."

మాస్టారు ఏమీ అనలేదు. ఆయనకు సొర్లగొంది గుర్తొచ్చి ఉంటుంది. అక్కడ పోయినవాళ్లందరి పేర్లూ ఊరికి తెలుసు. పేర్లు చెప్పేవాళ్లే మిగల్లేదు.

అప్పటినుంచి ఆ భవనంలో ఎవరి పెట్టెలో ఉత్తరాలు పేరుకుపోతున్నాయో, ఎవరు రెండు రోజులుగా కనిపించలేదో చూసుకోవడం ఆవిడకు అలవాటైంది. ఊరు కూడా కొంత నేర్చుకుంది. 311 అని ఒక నంబరుంది. విపరీతమైన ఎండో చలో ఉన్నప్పుడు, ఫలానా ఇంట్లో ఒక వృద్ధుడు ఒంటరిగా ఉన్నాడు, ఒకసారి చూసి రండి అని దానికి ఫోన్ చేస్తే మనిషిని పంపుతారు. నిజంగా పంపుతారు. నేనున్నప్పుడు మా వీధిలో చూశాను.

మాటల్లో ఆవిడ కొడుకు సంగతి అడిగింది. "మీ అబ్బాయి?"

"చాలా బిజీ" అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. "నా కొడుకూ బిజీయే. అరిజోనాలో ఉంటాడు" అంది.

అలా చలికాలం సగం గడిచింది. 2024 జనవరిలో, సరిగ్గా మన సంక్రాంతికి, ధ్రువాల గాలి ఊరి మీదికి దిగింది. ముందు రెండు రోజులు మంచు తుపాను, ఆ వెంటనే చలి. గాలితో కలిపి మైనస్ ముప్పై ఫారన్‌హీట్ దాకా పోయింది. అలాంటి గాలిలో తెరిచి ఉంచిన చర్మం నిమిషాల్లో గడ్డకట్టిపోతుంది. బడులకు సెలవిచ్చారు. కరెంటు కార్లు చార్జింగ్ కేంద్రాల దగ్గర ఎక్కడివక్కడ ఆగిపోయాయి, టీవీల నిండా అదే వార్త. రైలు పట్టాలు విడిపోయి కలిసేచోట మంచు గడ్డకట్టి ఇరుక్కోకుండా, ఇనుము బిగుసుకోకుండా గ్యాస్ మంటలు పెడతారు అక్కడ. ఆ వీడియో భోగినాడు పొద్దున్నే అబ్బాయి మెసేజ్‌లో పంపాడు. చీకట్లో పట్టాల పక్కన బారులు తీరి మండుతున్న మంటలు. "చూశావా నాన్నా, షికాగో భోగిమంటలు" అని కింద రాశాడు. బాగుందిరా అని మాస్టారు జవాబిచ్చారు. ఆ పండక్కి తండ్రీకొడుకుల మధ్య నడిచిన సంభాషణ అంతే.

దాని వెనకే హెచ్చరికల వరస. మెట్ల మీదికి కూడా వెళ్లకు, ముందు తలుపు సందులోంచి చలిగాలి కొడుతోంది. కిటికీ దగ్గర కూర్చోకు. మంచినీళ్లు తాగుతున్నావా, చలిలో దాహం తెలియదు. రేడియేటర్ వేడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడు, తగ్గితే చెప్పు, యజమానికి ఫోన్ చేస్తాను. మాస్టారు గోడకు తగిలించుకున్న థర్మామీటర్ చూసి అంకె పంపారు. బొటనవేలి బొమ్మ వచ్చింది.

పండగనాడు ఎవరో తలుపు తట్టారు. తియ్యనా అని మెసేజ్ పెట్టారు. "వద్దు, డెలివరీ వాళ్లయితే కింద పెట్టి పోతారు" అని జవాబు. మళ్లీ తట్టారు. మాస్టారు టీవీ గొంతు తగ్గించి కూర్చున్నారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది.

కనుమనాడు పదకొండు దాటాక మళ్లీ చప్పుడు. ఈసారి గట్టిగా, ఆగకుండా. మాస్టారు అబ్బాయికి మెసేజ్ పెట్టారు. జవాబు లేదు. ఇంకొకటి పెట్టారు. చూసిన గుర్తు కూడా రాలేదు. తలుపు కన్నంలోంచి చూస్తే బరువైన కోటు వేసుకున్న ఒక అమ్మాయి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్టకు తగిలించిన కాగితాలు. ఆమె వెనక దుప్పటి కప్పుకుని ఎదురు వాటా ఆవిడ. ఆవిణ్ణి చూశాక ఆగబుద్ధి కాలేదు. తీశారు.

ఆయన కనపడగానే ఆవిడ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. మూడు రోజులుగా ఉత్తరాల దగ్గరికి రాలేదు, తడితే తియ్యలేదు. 311కి చేసింది ఆవిడే.

కోటు అమ్మాయి నగరపాలక సంస్థ తరఫున వచ్చింది. బూట్లు గుమ్మం బయటే విప్పి, ఎంతో మర్యాదగా కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఇల్లు వెచ్చగా ఉందా? ఉంది. తిండి ఉందా? ఉంది. మందులు? ఉన్నాయి. పొగ పెట్టె పనిచేస్తోందా? దానికి ఎదురు వాటా ఆవిడే, భేషుగ్గా పనిచేస్తోందని జవాబిచ్చింది. అమ్మాయి అన్నీ టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. ఒంటరిగా ఉంటున్నారా అన్న ప్రశ్న ఎదురుగా అవును అని ముందే గుర్తు పెట్టి ఉంది. ఫోన్లో అలా చెప్పారట.

"కాదమ్మా" అన్నారు మాస్టారు. "మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఒంటరిగా ఉంటానని వాడే తీసుకొచ్చాడు."

ఆ అమ్మాయి ఎదురు వాటా ఆవిడ వంక చూసింది. మూడు నెలల్లో తను ఎవ్వరినీ చూడలేదని ఆవిడ మెల్లగా చెప్పింది. ముసలివాళ్లు కొందరు కొడుకు పరువు కోసం ఇలా చెబుతుంటారని ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలియందేం కాదు. అమ్మాయి గొంతు ఇంకా తగ్గించి అడిగింది.

"మీ అబ్బాయి మళ్లీ ఎప్పుడొస్తాడు?"

"ఎక్కడికీ వెళ్లలేదమ్మా" అని మాస్టారు సోఫా పక్కనున్న పడగ్గది తలుపు చూపించారు. "అందులోనే ఉన్నాడు. పని చేసుకుంటున్నాడు. రోజూ అక్కడే."

ఆ మూసిన తలుపు వెనకనుంచి, అంతా నిశ్శబ్దంగా ఉన్నారు కాబట్టి, స్పష్టంగా వినపడింది. "హలో... యామ్ ఐ ఆడిబుల్? నా మాట ఎవరికైనా వినపడుతోందా?"

ఎదురు వాటా ఆవిడ ఆ తలుపు వంకా, సోఫా వంకా, మధ్యలో ఉన్న ఆరడుగుల తివాచీ వంకా చూసింది. అరిజోనా ఎంత దూరమో ఆవిడకు తెలుసు.

హాల్లో మాటలు వినపడ్డాయో, మీటింగు అయిపోయిందో, తలుపు తెరుచుకుంది. చెవులకు హెడ్‌సెట్, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఎవరు మీరంటే ఎవరు మీరని ఇద్దరూ ఒకేసారి అడిగారు. అబ్బాయికి సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. తన ఫోన్ తీసి, వరసగా పంపిన మెసేజ్‌లన్నీ ఆ అమ్మాయికి చూపించాడు. చలి, గాలి, మాత్ర, మంచినీళ్లు, రేడియేటర్. "నేను నిమిషం నిమిషం కనిపెట్టుకునే ఉంటాను" అన్నాడు. ఆమె ఓపిగ్గా అన్నీ చూసి, తలూపి, అంతా సవ్యంగానే ఉందంది. కాగితంలో ముందే పెట్టి ఉన్న ఆ గుర్తు మీద కలం ఆనించి, కాసేపు ఆలోచించి, దాన్ని అలాగే వదిలేసి కిందికి జరిగింది.

ఇక ఒకటే గడి మిగిలింది.

"అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?" అని మాస్టారిని అడిగింది.

మాస్టారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎదురు వాటా ఆవిడ నంబరు చెప్పారు. కంఠతా వచ్చు ఆయనకు.

"నాన్నా! నా నంబరు చెప్పొచ్చు కదా!" అన్నాడు అబ్బాయి తెలుగులో.

"నువ్వు మీటింగులో ఉంటావు కదరా" అన్నారు మాస్టారు.